తుఫాను డబ్బాకి కాపలా

మొన్న వాయుగుండం కబురు వచ్చిన రోజు మా కోడలు బీరువా మీద నుంచి సంచీ దింపింది. బందరులో మేముండే వీధి సముద్రానికి మరీ దగ్గరేమీ కాదు గానీ, వాన గట్టిగా కురిస్తే వాకిట్లో మోకాళ్ళ దాకా నీళ్ళు నిలుస్తాయి, పోయిన కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ పిల్ల ఫోనులో ఎవరో చెప్తుంటే విని, ఉన్నంతలో ఒక సంచీ సిద్ధం చేసి పెట్టుకుంది. కొవ్వొత్తులు, టార్చి, జ్వరం మాత్రలు, రేషను కార్డు నకలు, బిస్కెట్లు. అన్నీ మంచం మీద పేర్చి చూసుకుంటూ మధ్యలో ఆగిపోయింది. "బిస్కెట్లు తగ్గాయే," అంది సంచీతో అన్నట్టుగా. తరవాత తలెత్తి నా వైపు చూసింది. నాకు షుగరుంది, ఇంట్లో నాకు బిస్కెట్లు పెట్టరు. ఆ సంగతంతా ఆ చూపులో ఉంది. "నేను తియ్యలేదమ్మా," అన్నాను. "అయ్యో, మిమ్మల్ననలేదండీ అత్తయ్యా," అంది. ఆ మాటా, దాని వెనక ఉన్న ఆ చూపూ నాకు కొత్త కావు. వాటి కింద నేను చాలా ఏళ్ళు కాపరం చేశాను.

మా పుట్టిల్లు గుడివాడ. మా అమ్మ అక్కడ చేపల బజారులో గంప పెట్టుకుని అమ్మేది. అందుకని నాకు చేప తెలుసు గానీ సముద్రం తెలియదు. పెళ్ళయి దివిసీమలో నాగాయలంక అవతల పల్లెకి కాపరానికి వెళ్ళాకే గాలికి కూడా ఉప్పు ఉంటుందని తెలిసింది. ఆరేసిన చీర సాయంత్రానికి గరగరలాడేది. తలుపు గడియ నిరుడు కొన్నది ఈ ఏడు రాలిపోయేది. మా మావయ్యగారు వేటకి వెళ్ళేవారు, అత్తగారు చేపలు ఎండబెట్టి బస్సులో గుడివాడ దాకా తీసుకెళ్ళి అమ్ముకొచ్చేది. బావగారూ తోడికోడలూ వాళ్ళ పసిపిల్లలిద్దరూ, మా ఆయనా నేనూ, అందరం ఒకే పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఆ ఇంటి అటక మీద ఒక నూనె డబ్బా ఉండేది. తుఫాను డబ్బా అనేవాళ్ళు. చమురు వాసన పోయేలా బూడిదతో తోమి, ఎండబెట్టి, గోతంతో దానికి చొక్కాలాగా ఒక తొడుగు కుట్టి పెట్టింది మా అత్తగారు. ఇంటికి పెద్ద కోడల్ని ఎంత అపురూపంగా చూసిందో తెలియదు గానీ ఆ డబ్బాని మాత్రం అలా చూసేది.

ఉప్పెన వచ్చిన నాటికి ఆవిడ కొత్త కోడలు. ఆ రోజు సంగతులు ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఒకటే అనేది: "చుట్టూ నీళ్ళే, తాగడానికి గుక్కెడు లేవు. ఊరంతా వెతికినా తడవని అగ్గిపుల్ల లేదు." ఆ మాట అన్నాక లేచి ఏదో పని మీద వెళ్ళిపోయేది. ఆ డబ్బాలో ఉన్నవన్నీ ఆ మాటలోంచి పుట్టినవే. ఒకేసారి కొనే స్తోమత మాకు లేదు. అందుకని ఎండుచేపలు అమ్మిన ప్రతిసారీ ఒక్కో వస్తువు తెచ్చేది, ఒకసారి అగ్గిపెట్టె, ఒకసారి కొవ్వొత్తి, ఇంకోసారి బెల్లం అచ్చు. అగ్గిపెట్టెల్ని పాల కవర్లలో చుట్టి నిప్పు సెగ చూపించి అంచులు అంటించేది. అటుకులు వేయించి పోసేది. టార్చిలో సెల్లులు ఉంచితే కారిపోతాయని విడిగా కట్టేది. పాత చీరలు చీల్చి పేనిన తాడు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు, కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో. డబ్బా పక్కన కడిగి నీళ్ళు నింపిన కూల్‌డ్రింకు సీసాలు. వారానికోసారి ఆ నీళ్ళు మొక్కలకి పోసి కొత్తవి పట్టేది. కార్తీకం దాటి గండం గడిచాక అటుకులూ బెల్లం మాకందరికీ పంచి, మళ్ళీ మొదటినుంచీ కూడబెట్టేది.

అయితే లేమిలో ఉన్న ఇంట్లో సరుకు కూడబెట్టడం పెద్ద కష్టం కాదు. కూడబెట్టినదాన్ని వాడకుండా నిలపడమే కష్టం. తుఫాను ఏడాదికోసారి వస్తుందో రాదో, ఆకలి మాత్రం పూటపూటా వస్తుంది. మావయ్యగారికి చుట్ట వెలిగించుకోవాలంటే అగ్గిపెట్టె గుర్తొచ్చేది అటక మీదిదే. మా ఆయనకి ఎండ్రకాయల వేటకి వెళ్ళేటప్పుడు టార్చి సెల్లులు కావాలి. తోడికోడలి పిల్లలకి బెల్లం ఎక్కడుందో వాసనతో తెలుసు. అందుకని మా అత్తగారు తుఫానుని ఎంత అనుమానించేదో ఇంట్లోవాళ్ళని అంతకి రెట్టింపు అనుమానించేది. అటక కింద బియ్యప్పిండి పల్చగా చల్లి, పొద్దున్నే దాని మీద ఎవరి అడుగుందో వంగి చూసేది. మావయ్యగారి బొటనవేలు పక్కకి తిరిగి ఉంటుంది, అందుకని ఆయన ఎప్పుడూ దొరికిపోయేవారు. "పోలీసోళ్ళలో చేరాల్సిందే నువ్వు, నన్ను కట్టుకుని పాడైపోయావు," అనేవారాయన. డబ్బాకి కట్టే తాడుకి ఒక ముడి వేసేది. వలల్లో వేసే ముడే గానీ అందులో ఒక తిరుగుడు ఆవిడ సొంతం. విప్పినవాళ్ళు మళ్ళీ అలా వెయ్యలేరు. వేళ్ళు చురుగ్గా ఉన్నాయని వలలు బాగుచేసేటప్పుడు ఆ ముడి నాకొక్కదానికే నేర్పింది. అదే నా కొంప ముంచింది.

నేను కాపరానికి వచ్చిన ఏడే, దీపావళి ముందు ఆవిడ అటకెక్కి, డబ్బా విప్పి చూసుకుని, దిగివచ్చింది. అన్నాల దగ్గర కూర్చున్నాక, పులుసు వడ్డిస్తూ, "ఆ డబ్బాలో బెల్లం ఉప్పగా ఉందంట, పారేద్దామనుకుంటున్నా," అంది. అందరూ కంచాల్లోకి చూస్తున్నారు. నేను మాత్రం వెర్రిదానిలా, "ఉప్పగా ఎందుకుంటుంది అత్తయ్యా, మా గుడివాడ బెల్లమేగా, బానే ఉంటుంది," అన్నాను. పులుసు గరిటె గాల్లో ఆగింది. "ఓహో," అంది. అంతే. అది దొంగ కోసం వేసిన ఎర అనీ, బెల్లం అచ్చు ఒకటి పోయిందనీ, ముడి చెక్కుచెదరలేదనీ మర్నాడు తోడికోడలు చెప్తే తెలిసింది. "నాకా ముడి రాదు చెల్లీ, బతికిపోయాను," అని నవ్వింది. ఆ నవ్వులో జాలి ఎంతుందో సంతోషం ఎంతుందో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ తరవాత ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. వంటింట్లో పంచదార సీసా నా చేతికి అందని అరలోకి వెళ్ళింది. నేను అటక వైపు వెళ్తే ఆవిడకి అక్కడ ఏదో పని తగిలేది. కాపరానికి వచ్చి ఏడాది తిరక్కుండా దొంగ పేరు పడితే ఆ పేరు గుడివాడ చేపల బజారు దాకా వెళ్తుంది, మా అమ్మ గంప ముందు ఎవరో ఒకరు అడుగుతారు. దాపరికమెందుకు, నాకూ అనుమానాలు పుట్టాయి. ముడి ఇద్దరికే వచ్చు. నేను తియ్యలేదు. మరి మిగిలింది ఎవరు? పెదపారుపూడిలో ఉన్న మా ఆడపడుచుకి ఆవిడే చాటుగా పంపుతోందేమో, నేరం నా మీద వేస్తోందేమో అనుకున్నాను. ఆవిడ నన్ను కనిపెడుతుంటే నేను ఆవిడని కనిపెట్టడం మొదలుపెట్టాను. అలా కనిపెడుతుండగా ఒక మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్న వేళ, ఆవిడ ఆ డబ్బాని గోతంతో సహా చంకనెత్తుకుని, నీళ్ళ సీసాలు రెండో చేత పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, కోళ్ళగూటి వెనక పాత వలల కుప్పలో దాచడం చూశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనూ చూసినట్టు కనపడలేదు.

సరిగ్గా అప్పుడే తుఫాను వచ్చింది. పొద్దున ఆవిడ ఎండుచేపల మూటతో గుడివాడ బస్సెక్కింది. మధ్యాహ్నానికి మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగి, అందరూ షెల్టరుకి నడవాలంది. బస్సులు ఆగిపోయాయి. మా ఆయనా బావగారూ పడవలు గట్టుకి లాగి కట్టడానికి వెళ్ళారు. వెళ్ళేముందు మావయ్యగారు అటకెక్కి చూసి, ఖాళీ చేతులతో దిగారు. "అత్తే మార్చేసి ఉంటుంది. ఎవరికి భయపడిందో ఏమో మరి," అంది తోడికోడలు నా వైపు చూడకుండా. షెల్టరులో సాయంత్రానికి అన్నం పొట్లాలు వస్తాయన్నారు, తరవాత బళ్ళు దారిలో చిక్కుకున్నాయన్నారు. కొళాయిలో వస్తున్న నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. తోడికోడలి చిన్నపిల్ల పొద్దుటినుంచీ విరేచనాలతో వడిలిపోయి ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేక ఒళ్ళో వాలిపోయింది. ఆ డబ్బాలోనే ఉన్నాయి ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు. దాని పక్కనే ఉన్నాయి మంచినీళ్ళ సీసాలు.

డబ్బా ఎక్కడుందో చెప్తే, దాన్ని కనిపెట్టుకు తిరిగే దొంగని నేనేనని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఆ పిల్ల పెదవులు ఎండిపోవడం చూస్తూ ఎంతసేపు కూర్చోగలను? "మావయ్యగారూ, డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు," అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "నీకెలా తెలుసు చెల్లీ?" అంది తోడికోడలు. "చూశానక్కా." "కనపడిందా, చూడ్డానికి వెళ్ళావా?" ఒళ్ళో పిల్ల ఉండి కూడా ఆ మాట అడగగలిగింది. మావయ్యగారు గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం చూశారు. "గాలి తిరగడానికి ఇంకా టైముంది. నడవ్వే," అన్నారు. ఇల్లు దగ్గరే, నీళ్ళు ఇంకా చీలమండలు దాటలేదు. వలల కుప్పలోంచి డబ్బా తీసి ఆయన నెత్తిన పెట్టుకున్నారు. నేను సీసాలు ఒడిలో కట్టుకున్నాను. వచ్చేసరికి ఆయన మెడ మీద తియ్యటి పాకం కారుతోంది. మేమిద్దరం చెమటో వానో అనుకున్నాం.

ముడి ఆయనకి రాలేదు. "ఇన్నేళ్ళు కాపరం చేశాను, దీన్ని మాత్రం నాకు నేర్పలేదు," అని గొణుక్కుని చాకు తీయబోతే, నేనే ముందుకి వెళ్ళి విప్పాను. అంతమంది ఎదుట నా వేళ్ళు ఆ ముడిలో అలవాటుగా తిరుగుతుంటే తోడికోడలు కళ్ళార్పకుండా చూసింది. పొట్లం నీళ్ళలో కలిపి చెంచాతో పట్టాం. చాలాసేపటికి ఆ పిల్ల కళ్ళు విప్పి ఇంకా కావాలంది. ఆ తరవాతే డబ్బా మొత్తం కుమ్మరించాం. అడుగున ఒక మూల ఉప్పుగాలికి తుప్పు పట్టి, గోతంతో సహా చిల్లు పడి ఉంది. చిల్లు అంచున ఎలుక పళ్ళ గాట్లు, దాని పెంటికలు, కరిగిన బెల్లం మరక. అందరం మూతకి కాపలా కాశాం. అడుగుని ఎవ్వరం అనుమానించలేదు. "ఇదిగోనే నీ తోటి దొంగ," అని మావయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. తోడికోడలు మాత్రం నవ్వలేదు. పిల్లని నా ఒళ్ళో పెట్టి, చెంచా కడుక్కురావడానికి వెళ్ళింది.

మర్నాడు అత్తగారు వచ్చింది. అవనిగడ్డ దాకా ఏదో లారీలో వచ్చి, అక్కడినుంచి నడుస్తూ, మళ్ళీ ఎవరి ట్రాక్టరో ఎక్కి. తడిసి ముద్దయి ఉంది. షెల్టరు గుమ్మంలో నిలబడి అందరి తలలూ చూసుకుంది, తరవాత ఆవిడ చూపు డబ్బా మీద పడింది.

"ఎవరు తెచ్చారు?"

"నేను చెప్పానత్తయ్యా. మావయ్యగారూ నేనూ వెళ్ళి తెచ్చాం."

"ఎక్కడుందో నీకెలా తెలుసు?"

"మిమ్మల్ని కనిపెట్టాను."

"ఎందుకు?"

"మీరు నన్ను కనిపెడుతున్నారని."

ఆవిడ కూర్చుని, డబ్బా తిరగేసి, చిల్లులోంచి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి చూసుకుంది. క్షమాపణలు చెప్పే రకం కాదు, నేనూ ఎదురుచూడలేదు. "ఒక అచ్చు ఎలక తింది సరే. రెండో అచ్చులో సగమేది?" అంది. "పిల్లలకి పెట్టాం," అన్నాను. "ఊఁ," అని, చీర కొంగు పిండుకుంటూ చెప్పింది: "ఇకనుంచి దాచే చోటు ఇద్దరికి తెలియాలి. నాకూ ఈ పిల్లకీ." తోడికోడలు చిన్నబుచ్చుకుంది. "పెద్దదాన్ని నేనుండగా దానికా?" అంది. "నీకు నేనంటే నమ్మకమే," అంది అత్తగారు, "నమ్మకమున్నోళ్ళు మళ్ళీ విప్పి చూసుకోరు. ఇది చూస్తుంది."

ఆ మాట నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మకి చెప్తే, ఇది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక గంప ముందు చాలాసేపు కూర్చుంది. తుప్పు పట్టదని రొయ్యల చెరువుల దగ్గర నీలం డ్రమ్ములు ఊరికే ఇస్తామన్నారు. మా అత్తగారు మూత తీసి వాసన చూసి, "ఏం మందు పోశారో దీన్లో," అని తిప్పి పంపేసింది. గుడివాడలో ఊరగాయలమ్మే కొట్టు నుంచి మర మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ జాడీలు రెండు తెచ్చాను నేను. సరుకు రెండు వాటాలు వేసి, మూతల మీదుగా ఆ ముడే కట్టి, ఒకటి ఆవిడ దాచేది, ఒకటి నేను. ఆవిడది నేను వెళ్ళి చూసేదాన్ని, నాది ఆవిడ చూసేది. అటుకులు మెత్తబడ్డాయని ఆవిడ నన్ను, సెల్లులు కారాయని నేను ఆవిడని పట్టుకునేవాళ్ళం. అలా ఒకరినొకరం పట్టుకుంటూ ఎన్ని తుఫాన్లు దాటామో లెక్క పెట్టలేదు గానీ, ఏ ఒక్కసారీ తడిసిన అగ్గిపెట్టెతో కూర్చోలేదు. చివరిరోజుల్లో మంచం మీద నుంచి లేవలేనప్పుడు కూడా, నేను జాడీ తెచ్చి పక్కన పెడితే ముడి మీద వేలు పెట్టి తడిమి చూసుకునేది. "నువ్వు వేసిందే," అనేది, నమ్మినట్టు కాదు, పోల్చుకున్నట్టు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఒక జాడీ కట్టి పెట్టుకుంటాను గానీ నేను వేసిన ముడిని తడిమి చూసేవాళ్ళు లేరు, అందుకని నేనే మర్నాడు ఇంకొకరి వేళ్ళతో చూసినట్టు చూసుకుంటాను. ఈ మధ్య తుఫాన్లు ఒకటి అటూ ఒకటి ఇటూ పక్కకి తొలగిపోతున్నాయి, కాలం మహా మంచిదానిలా తలవంచుకుని మా వీధిలోంచి నడిచివెళ్తోంది. దాని నెమ్మదితనమే నాకు అనుమానం.