శివుడి ముఖానికి గుడ్డ

మొన్న మా మనవరాలు కాలేజీ నాటకం కోసమని ఫోను పట్టుకొని నా పక్కన కూర్చుని, "తాతా, మాస్క్ నున్నగ, మస్త్ చమక్‌గ రావాలంటే ఏ కపడా మంచిది? సాటిన్ చలేగా నా?" అని ఒక్క ప్రశ్నను ఇన్ని భాషల్లో వేసింది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో థాన్లు విప్పి చుట్టి, చుట్టి విప్పి బతుకు వెళ్ళదీసినవాణ్ణి కదా, గుడ్డ పేరెత్తితే నా నోరు ఆగదు. అలాంటిది, సాటిన్ వద్దమ్మా, ముక్కు దగ్గర ముడతపడుతుంది అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ ముడత సంగతి నాకెలా తెలుసో చెప్పాలంటే మా బావను తలుచుకోవాలి.

మా అక్క భర్త, ఆ బావ, పాండేసరలో అద్దకం మిల్లులో పనిచేసేవాడు. వడోద్‌లో మా గల్లీ నిండా తెలంగాణ నుంచి ఈ పరాయి రాష్ట్రానికి మగ్గాల పనికి వచ్చిన సాలెల ఇళ్ళే. ఏటా అక్కడ మార్కండేయుడి ఆట ఆడేవాళ్ళం. శివుడు ఎప్పుడూ బావే. నేను యముడి దున్నపోతుకు వెనక కాళ్ళు. నా నటనకు మా సాలెల సంఘం వారిచ్చిన గౌరవం అంతే, ఆ కాళ్ళూ తడబడేవి. బావ గొంతెత్తితే మాత్రం చంటిపిల్లలు కూడా ఏడుపాపి వినేవారు. అటువంటి మనిషి, మిల్లులో ఆవిరి గొట్టం పగిలి ముఖం ఒక పక్క కాలిపోయాక, ఇంట్లో పాడుకోవడం మానలేదు గాని నలుగురిలోకి రావడం మానేశాడు. డ్యూటీకి కూడా తువ్వాలు చుట్టుకొని గోడవారగా వెళ్ళేవాడు. మరుసటేడు ఆట దగ్గరపడ్డప్పుడు, పిల్లలు జడుసుకుంటారేమోనని సంఘం పెద్దమనిషి నసిగితే, అక్కే తెగించి, శివుడికి ముసుగు పెడదాం, వేషం మాత్రం ఆయనదేనని ఒప్పించుకొని వచ్చింది. ఒక్కసారి జనం ముందు నిలబడి పాడితే మనిషి మళ్ళీ మనుషుల్లో పడతాడని దాని ఆశ.

ఇక సరుకు వెతుకులాట నాది. కాగితం గుజ్జుతో ముఖం తేలికగా వచ్చింది గాని, ఎండేసరికి అమ్మోరు పోసినట్టు గుంటలు పడింది. దాని మీద మార్కెట్ నుంచి తెచ్చిన నీలం సాటిన్ బిగిస్తే మెరుపు వచ్చింది, మెరుపుతో పాటు ముక్కుకు రెండు పక్కలా ముడతలూ వచ్చి శివుడు ముసలివాడయ్యాడు. చివరికి బావే దారి చెప్పాడు. మట్టి అచ్చు మీద పాత నూలు గుడ్డలు చింతగింజల గంజితో పొర మీద పొర అతికించి, పైన సుద్ద పూతలు పూసి, ఒక్కో పూతనూ గరుకు కాగితంతో రుద్ది, నీలం రంగు వేసి, వార్నీషు పట్టించాం. అచ్చు కొలతల కోసం అక్క నూలు పోగుతో ఆయన ముఖం కొలుస్తుంటే ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. లోపలి అస్తరుకు నైలాను పనికిరాదు, కాలిన చర్మం మీద గుచ్చుకుంటుంది. మార్కెట్టంతా తిరిగి నేను తెచ్చిన మెత్తటి మల్‌మల్‌ను అక్క తన చెంపకు రాసుకొని చూసి గాని లోపల అంటించలేదు. అంతా అయ్యాక బావ ఆ ముఖాన్ని ఎత్తి పట్టుకొని, "పెండ్లినాడు గూడ నేను గింత నున్నగ లేనే" అన్నాడు. అక్క ఎన్నాళ్ళకో నవ్వింది.

ముసుగు చూడడానికి పెద్దమనిషి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. అటు తిప్పి ఇటు తిప్పి, "మస్తు చేసిన్రు. ఇగ దీని ఎనుక ఎవలున్నా శివుడే. మావోడు జర పొడుగున్నడు, వాడు నిలవడ్తడు. నువ్వు తెర ఎనుక కూసొని పాడు తమ్మీ, పాటయితే నీదే గద" అన్నాడు.

"గది ఆయన మొఖం కొలతకు చేసినం అన్నా" అంది అక్క.

"పోనీయే. గొంతయితే కాలలేదు గద" అన్నాడు బావ.

గుడ్డను వేళ్ళతో నలిపి నూలో నైలానో చెప్పగల నాకు, మనుషుల రకం ఎప్పుడూ చిక్కలేదు. ఆయన నవ్వుతూ అన్నాడని, నిజంగానే సర్దుకున్నాడని అనుకున్నాను.

ఆట సాగింది. ముసుగు పెదవులు ఎలాగూ కదలవు గనుక పాడుతున్నది ఎవరో జనానికి పట్టలేదు. ఆట చివర శివుడికి వేసే దండ ఆ కుర్రవాడి మెడలో పడింది. ముఖస్తుతి అనే మాటకు అంత నిండైన అర్థం నేను మళ్ళీ చూడలేదు. వాడు చెడ్డవాడేం కాదు. ముసుగు తీసి, అక్క నిలబడి ఉందని చూసుకోకుండా, "లోపట ఎంత మెత్తగుందో కాకా, పెట్టుకున్నట్టే తెల్వలే" అని నాతో సంబరంగా అన్నాడు. అక్క ఇంటికి నడిచింది.

తర్వాతి ఏడాది ఆట రోజున బావ అడిగి మరీ డబల్ డ్యూటీ వేయించుకున్నాడు. ఇంట్లో కూడా మళ్ళీ పాడలేదు. ఆయన పోయీ చాలా కాలమైంది.

ఇప్పుడు మావాళ్ళు ఆటకు హాలు మాట్లాడుకుంటున్నారు. శివుడి ముఖం అద్దెకు దొరుకుతుంది, అద్దంలా మెరుస్తుంది. పాటలు పెన్ డ్రైవులో వస్తాయి, అవి ఎవరి గొంతులో ఎవరూ అడగరు. ఆనాడు బావను తెర వెనక్కి నెట్టారని కుమిలిపోయానా, ఈనాడు తెర వెనక వైర్లు తప్ప ఎవరూ లేరు. అంత అవమానం చేసినవాళ్ళకు కూడా ఆ రోజుల్లో ఒక మనిషి గొంతు కావలసి వచ్చేది.