సబ్బు నీళ్ల అచ్చియమ్మ

అచ్చియమ్మ ఎవరింటికి వెళ్లినా గుమ్మం దాటగానే వంటింటి దారి పట్టేది. కుశల ప్రశ్నలు, కూర్చోమనడాలు, మంచినీళ్లు అన్నీ తరవాత. ముందు గ్యాసు గొట్టం చూడాలి. కొంగు చాటున ఎప్పుడూ ఒక స్టీలు గిన్నె, అందులో సబ్బు నురగ ఉండేవి. ఆ నురగ గొట్టం పొడుగునా పూసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, బుడగలు వస్తున్నాయేమోనని చూసేది. బుడగ వస్తే లీకు. రాకపోతే నమ్మకం కుదరక ఇంకోసారి పూసేది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లందరికీ ఇది అలవాటైపోయింది. జగన్నాథంగారి తండ్రి పోయినప్పుడు పరామర్శకు వెళ్లి, ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్యనుంచి తిన్నగా వంటింట్లోకి నడిచింది. "పోయినాయన పోనాడు. ఉన్నోలు ఉండాల గదా," అంటూ నురగ పూసింది. తన వీధిలోనే ఉండే కనకం కూతురి పెళ్లిచూపుల్లో అయితే బజ్జీలు సగం వేగుతుండగా పొయ్యి కట్టేసింది. పెళ్లికొడుకు తల్లి తొంగిచూసి, "ఎవరండీ ఆవిడ?" అంది. కనకానికి ఏం చెప్పాలో తోచక, "గ్యాసు ఆఫీసు నుంచి వచ్చారండి," అంది. సంబంధం కుదిరింది. వెళ్లేటప్పుడు పెళ్లికొడుకు తల్లి అచ్చియమ్మను పక్కకు పిలిచి, "మా ఇంటికి కూడా ఎప్పుడొస్తారు?" అని అడిగింది.

శ్రీవల్లికి ఈ సంగతులేవీ తెలియవు. ఆమె టెక్కలి నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. తొంభైల మొదటి రోజులవి. భర్త రాంప్రసాద్ గూడ్సు గార్డు, ఈ కాలనీలోనే పుట్టి పెరిగినవాడు. కట్నీ వైపో, రాయగఢ్ వైపో బండెక్కితే ఎప్పుడు తిరిగొస్తాడో అతనికే తెలియదు. చుట్టుపక్కల క్వార్టర్లలో అంతా హిందీ. శ్రీవల్లికి వచ్చిన హిందీ 'నహీ'తో మొదలై అక్కడే అయిపోయేది. రోజంతా యార్డులో వాగన్లు గుద్దుకునే చప్పుడు వింటూ కూర్చునేది. ఇంట్లో నోరు విప్పే వస్తువు ప్రెషర్ కుక్కరొక్కటే.

అలాంటి ఒక ఉదయం తలుపు తీస్తే అచ్చియమ్మ.

"గొట్టం మార్సి ఎన్నాళ్లయినాది పిల్లా?"

"ఏ గొట్టమండీ?"

"ఏ గొట్టమంటాదేటి ఈ పిల్ల. పద."

వంటింట్లో గ్యాసు స్టవ్వు, దాని పక్కన రాంప్రసాద్ బ్రహ్మచారి రోజుల నాటి కరెంటు హీటరు ఉన్నాయి. ఎర్రటి కాయిలు చుట్టలు చుట్టుకుని పైకే కనిపిస్తోంది. దాన్ని చూడగానే అచ్చియమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "గేసు కొంత నయం. వాసనైనా ఏస్తాది. దీనికి అదీ లేదు," అని శ్రీవల్లిని చెక్క పీట ఎక్కించి, తడి చేతులు తుడిపించి, స్విచ్చి కట్టించి, అప్పుడుగాని దాని మీది పాల గిన్నె దించనివ్వలేదు. తరవాత గ్యాసు పాఠం.

"ముందు పుల్ల గీయి. తరవాత నాబు తిప్పు. నాబు తిప్పీసి పుల్ల కోసం ఎతుక్కున్నావనుకో, నిన్ను మేం ఎతుక్కోవాల. వాసనొస్తే కిటికీ తియ్యి. లైటు ముట్టుకోకు. పడుకునీముందర సిలిండరు కాడే కట్టీయి. తెలిసినాదా?"

"తెలిసిందండీ."

"ఏది, సెప్పు."

శ్రీవల్లి అప్పజెప్పింది. పుల్లా నాబూ తారుమారు చేసినందుకు రెండోసారి కూడా అప్పజెప్పాల్సి వచ్చింది.

డ్యూటీ నుంచి వచ్చాక రాంప్రసాద్ విని నవ్వాడు. "అచ్ఛా, ఆ మామ్మా? మా అమ్మని కూడా ఇలాగే సతాయించేది. రోజూ రాదులే, కంగారెందుకు, టెన్షన్ మత్ లో."

అతను మళ్లీ బండెక్కగానే ఆవిడ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పప్పు ఉడుకుతుంటే వచ్చింది, తలంటుకుంటుంటే వచ్చింది. గొట్టం అద్దంలా మెరిసిపోయింది గాని ఒక్క బుడగా రాలేదు.

డిసెంబరులో రాంప్రసాద్ వెళ్లి ఎన్నాళ్లయినా రాలేదు. ఆ రోజు శ్రీవల్లి పెనం మీద అట్టు పోసుకుని, ఎందుకో తెలియకుండానే ఏడుస్తోంది. అచ్చియమ్మ వచ్చి, అట్టు సగం కాలుతుండగా స్టవ్వు కట్టేసి గిన్నె తీసింది.

"మామ్మగారూ, ఈ ఇంట్లో అగ్గి పుట్టినా బాగుణ్ను," అంది శ్రీవల్లి. "ఆర్పడానికైనా నలుగురు మనుషులొస్తారు. మీరు మాత్రం ఇంక రాకండి."

అచ్చియమ్మ ఆమె మొహంలోకి చూసింది. స్టవ్వు మళ్లీ వెలిగించి, అట్టు తిరగేసి, గిన్నె కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

నిజంగానే మళ్లీ రాలేదు. మొదట శ్రీవల్లికి హాయిగా ఉంది. తరవాత గుమ్మం వైపు చూడడం మొదలుపెట్టింది. గాలికి గడియ కదిలినా లేచి వెళ్లి చూసేది. సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం ముసురు పట్టి, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఇక ఉండబట్టలేక దిబ్బరొట్టె వేసి, పళ్లెంలో పెట్టుకుని, వీధి మొదట్లో కనకాన్ని అచ్చియమ్మ ఇల్లు అడిగి వెళ్లింది.

వీధి చివర ఒంటి గది. పిలిస్తే పలకలేదు. తలుపు తోస్తే లోపలి వేడి మొహాన కొట్టింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. గది మధ్య బొగ్గుల కుంపటి, అక్కడివాళ్లు సిగ్డీ అనేది, ఎర్రగా మండుతోంది. దాని పక్కన అచ్చియమ్మ గోడకు చేరగిలబడి, తల వాల్చి, వెర్రి నవ్వు నవ్వుతోంది.

"మంగాయమ్మా, వచ్చినావేటే," అంది.

మంగాయమ్మ ఎవరో శ్రీవల్లికి తెలియదు. పళ్లెం అక్కడే వదిలేసి, తలుపు బార్లా తీసి, ముసలావిణ్ని చంకల కింద పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. ఊపిరి బిగబట్టి మళ్లీ లోపలికెళ్లి, కిటికీ గుడ్డలు పీకి, పాత గోనెతో సిగ్డీని పట్టుకుని వానలోకి ఈడ్చింది. "కనకంగారూ" అని అరిచింది. కాపురానికొచ్చాక ఆమె గొంతు అంత పెద్దగా లేవడం అదే మొదలు. కనకం పరుగెత్తుకొచ్చి రిక్షా పిలిచింది.

రైల్వే ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి అచ్చియమ్మకు తెలివొచ్చి, కోపం కూడా వచ్చింది. డాక్టరు హిందీలో నెమ్మదిగా చెప్పాడు: "అమ్మా, మూసిన గదిలో సిగ్డీ పెట్టుకుంటే విషవాయువు పోగవుతుంది. అదీ గ్యాసే. దానికి వాసనుండదు."

"బొగ్గులో గేసేటి?" అని అచ్చియమ్మ శ్రీవల్లి వైపు తిరిగింది. "నాకు తెలీకుండా ఎప్పుడెట్టినారు?"

ఇంకో రోజు ఉంచుకుని పంపించారు. రిక్షాలో శ్రీవల్లి ఆవిడకు దుప్పటి కప్పి పక్కన కూర్చుంది.

"మీ ఇంట్లో గ్యాసు లేదేం మామ్మగారూ?"

"ఒక్కదానికి గేసెందుకు."

"మరి ఆ సబ్బు నీళ్లేమిటి?"

అచ్చియమ్మ దుప్పటి దగ్గరకు లాక్కుంది. "ఊరికే ఎవులింటికైనా ఎల్తే, ఏటి పని మీద వచ్చినావని మొహం సూస్తారు. పని మీద ఎల్తే ఎవులూ అడగరు."

"రోజూ మా ఇంట్లోనేనా పని?"

"రోజూ ఎక్కడొచ్చినాను? నీ మొగుడు లైను మీదున్నప్పుడే వచ్చినాను. పోలయ్య కోడలి కాడికీ అంతే, దాని మొగుడు గతౌరా టేసన్లో డ్యూటీకెల్తేనే. పోయిన నా పెనిమిటీ గార్డే పిల్లా. కొత్తలో ఆయన బండి దిగీసరికి నా గొంతు నాకే కొత్తగుండీది. తలుపు కొట్టినోలు లేరు."

శ్రీవల్లి గుర్తు చేసుకుంది. నిజమే, రాంప్రసాద్ ఇంట్లో ఉన్న ఒక్క రోజూ ఆవిడ రాలేదు.

"ఆ మాట చెప్పొచ్చు కదా."

"సెప్తే, జాలి పడి వచ్చినానని నువ్వు తలుపు తియ్యవు."

వారం తిరక్కుండా, రాంప్రసాద్ ఇంట్లో ఉండగా తలుపు చప్పుడైంది. అచ్చియమ్మ వచ్చి ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. కాలు కదపలేదు. రాంప్రసాద్ కంగారుపడ్డాడు.

"మామ్మా, కిచెన్ ఉధర్ హై," అని వంటింటి వైపు చెయ్యి చూపించాడు.

"తెలుసు. నాను ఊరికే వచ్చినాను."

శ్రీవల్లి టీ పెట్టుకొచ్చి ఆవిడ పక్కనే బైఠాయించింది. టెక్కలి సంతలో మొదలైన కబుర్లు అచ్చియమ్మ చిన్ననాటి నేస్తం మంగాయమ్మ కోడళ్ల దాకా వెళ్లాయి. రాంప్రసాద్‌కు సగం మాటలు అర్థం కాలేదు, మిగతా సగంలో చోటు దొరకలేదు. రెండో టీకి పాలు లేకపోతే తనే సైకిలేసుకుని బుధవారీ బజారుకు వెళ్లి, వానలో తడిసి, పాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

అచ్చియమ్మ తలెత్తి చూసింది.

"బయటికెల్తన్నావేటి నాయినా? గొడుగు తీసుకెల్లు."