నాన్నకు పడిన చేప

మొన్న మా సన్నీబ్యాంక్ పేటలోని ఒక దుకాణంలో ఎరగా గాలానికి కట్టే చేపబొమ్మ ఒకదానిని ఊపి చూశాను. లోపలి ఇనుపగుళ్ల గలగలకు బాల్యం మేల్కొన్నది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై టూ కే భయంతో నాన్న రాత్రులన్నీ ఆఫీసులోనే గడిపిన సంవత్సరమది. ఎట్టకేలకు దొరికిన ఒక ఆదివారం, ఆయన సహోద్యోగి సలీం అంకుల్ మమ్మల్ని బాస్ అనే జాతి చేపలుండే డ్యామ్‌కు తీసుకువెళ్లారు. నీరు బురదగా ఉండి చేపలకు ఎర కనబడదని, చప్పుడైనా వినబడాలని, అంకుల్ బొమ్మలన్నిటినీ నా చెవి దగ్గర ఊపి, అన్నిటికన్నా గట్టిగా మోగినదానిని నాన్న గాలానికి కట్టారు.

"దీనికి మూతి కింద రేకు లేదన్నా. దారం చుట్టే రీల్ తిప్పుతనే ఉండాలె, ఆపితే మునుగుతది," అన్నారు అంకుల్.

"మన ప్రాజెక్టూ అంతేగా, భాయ్!" అని ఆవులించిన నాన్న, తిప్పుతూనే కునుకులోకి జారిపోయారు.

బొమ్మ నీటి అడుగున ఉన్న మొద్దుల్లో చిక్కకముందే అంకుల్ నాన్న చేతిలోని గాలపు కర్రను మెల్లగా అందుకుని తిప్పసాగారు. అంతలోనే చేప పడింది. వెంటనే కర్రను నాన్న చేతుల్లో పెట్టి, "లే అన్నా, నీకు పడ్డది!" అని కేకవేశారు.

"బట్ అంకుల్, యూ కాట్ ఇట్!" పట్టింది ఆయనేనని నేను అరిచాను.

"చుప్, బేటా."

నాన్న చేపను ఒడ్డుకు లాగి, చిన్నపిల్లవానివలె నవ్వి, తిరిగి నీటిలో విడిచారు. అది మోసమని నేను దారిపొడవునా అంకుల్‌తో మాట్లాడలేదు.

ఇప్పుడు నేనూ రాత్రి షిఫ్టుల నుండి ఇల్లు చేరుతున్నాను. అంతగా అలసిన మనిషిని లేపవలసివస్తే, చేతిలో చేపను పెట్టి లేపడమే మర్యాద.