అరచేతి మీద రెండు దెబ్బలు

వలస వచ్చిన నేత కార్మికులుండే గోడాదరాలో మేము పెరిగిన గదికి ఎదురుగానే సాంచాల షెడ్డు. సాంచాలంటే పవర్‌లూమ్‌లు. అవి నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకని లోపలివాళ్ళంతా చేతులతో, పెదవుల కదలికతో మాట్లాడుకునేవారు. మా బాపు ఎడమ అరచేతి మీద కుడిచేతి అంచుతో రెండుసార్లు కొడితే ఇవాళ మటన్ అని అర్థం. పగార్ డబ్బులు చేతికొచ్చిన వారం మాత్రమే కొట్టేవాడు. నేను షెడ్డు గుమ్మంలోంచి అది చూసి, మసాలా నూరమని అమ్మకు చెప్పడానికి ఇంటికి పరుగెత్తేదాన్ని. మిగతా రోజుల్లో పప్పు, పచ్చిపులుసు. అప్పుడు మమ్మల్ని శాకాహారులని ఎవరూ అనలేదు, లేనివాళ్ళనే అన్నారు.

చదువుకుని, ఉద్యోగం వచ్చి, పెళ్ళయ్యాక నగరం అవతలి వైపు అడాజన్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. నా కూతురి బడికి అక్కడినుంచి నడిచిపోవచ్చు. ఓనరమ్మ ఒకే ప్రశ్న అడిగింది. శాకాహారులమే అని కళ్ళార్పకుండా చెప్పాను. చిన్నప్పుడు నెలకో రెండు రోజులు తప్ప అది నిజమే కదా అనుకున్నాను. ఆ బిల్డింగులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. పండక్కి మిఠాయి పంపిస్తారు, మన కోసం లిఫ్ట్ ఆపి ఉంచుతారు. మాంసం వాసన మాత్రం వాళ్ళకు గోడాదరా వాసన. రానురాను నాకూ అలాగే అనిపించసాగింది. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

చెవులు పూర్తిగా పోయాక బాపును షెడ్డులో వద్దన్నారు. అమ్మ అప్పటికే లేదు. మా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇక్కడ మాంసం వండకూడదని ముందే చెప్పాను, తలూపాడు. కానీ ఆదివారం పొద్దున టీ ఇస్తుంటే అరచేతి మీద రెండు దెబ్బలు వేసి, నవ్వి ఊరుకునేవాడు. మటన్ తినడానికి మోకాళ్ళ నొప్పులతో గోడాదరా దాకా ఒక్కడే బస్సెక్కి పోలేడు. వచ్చే వారం తీసుకెళ్తానని నేను సైగ చేసేదాన్ని. ఏడాది గడిచినా ఆ వచ్చే వారం రాలేదు.

అగ్రిమెంటు మళ్ళీ రాసుకోవడానికి ఓనరమ్మ కూడా ఒక ఆదివారమే వచ్చింది. మేం మాట్లాడుకుంటుంటే బాపు గదిలోంచి వచ్చి, ఆమెను గమనించకుండానే నాకేసి రెండు దెబ్బలు కొట్టాడు. అదేమిటని ఆమె అడిగింది. నాకు ఆ క్షణాన ఇల్లూ, బడీ తప్ప ఇంకేమీ కనపడలేదు.

"ఏమీ లేదండీ. మగ్గం అలవాటు. చేతులు ఊరికే ఆడుతుంటాయి" అన్నాను హిందీలో.

ఆమె పాపం అన్నట్టు చూసి సంతకం పెట్టింది. అప్పుడు గమనించాను, బాపు నా పెదవుల వంకే చూస్తున్నాడు. యూపీ వాళ్ళ పక్కన, ఒరిస్సా వాళ్ళ పక్కన ముప్పై ఏళ్ళు సాంచాలు నడిపిన మనిషి. పెదవుల మీద హిందీ చదవడం ఆయనకు తెలుగంత తేలిక.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. టీ తాగేవాడు, గ్లాసు పక్కన పెట్టేవాడు, అంతే. మూడో వారం నావల్ల కాలేదు. చెప్పులేసుకుని ఆయన ముందు నిలబడి, గోడాదరా పోదాం లెమ్మని, నా అరచేతి మీద నేనే రెండుసార్లు కొట్టాను.

బాపు నా చేతుల వంక చూశాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే, ఆ రోజు మాత్రం మెల్లగా అడిగాడు.

"నీయి గూడ ఊకెనే ఆడుతున్నయా బిడ్డా?"