వెనక సీటు బరువు

సఖినేటిపల్లి రేవులో, బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటు మీద ఒక పెద్దాయన స్కూటరు దిగకుండా, సీటులో బాగా ముందుకు జరిగి ఇరుగ్గా కూర్చున్నారు. ఆయన వెనక ఎవరూ లేరు.

"కాస్త వెనక్కి జరగండి బాబాయిగారూ, అంతా ఖాళీయే కదా," అన్నాను.

"ఖాళీ అని ఎలాగంటామండీ?" అని నవ్వారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారట. "శూన్యంలో కూడా శక్తి ఉంటుందంటారండి. నక్షత్రాలు తిరిగే తీరు చూసి, కంటికి కనబడని పదార్థమేదో వాటిని పట్టి ఉంచుతోందని చెప్పేరు. కొందరేమో అలాంటిదేం లేదు, గురుత్వాకర్షణ గురించి మన లెక్కే తప్పంటారు. ఇంకా తేలలేదండి."

"మీకు మాత్రం ఉందనే అనిపిస్తుందా?"

"ఆయ్," అన్నారు.

పంటు ఒడ్డుకి చేరింది. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా ఆయన స్కూటరు స్టార్టు చేసి, రెండు కాళ్లూ కింద ఆనించి, తల కొంచెం పక్కకి తిప్పి ఆగారు. వెనక మనిషి ఎక్కి కూర్చుంటే బండి కుంగుతుంది కదా, దానికోసం ఆగినట్టు ఆగారు. తరవాత మెల్లిగా పోనిచ్చారు.

ఆ తరవాత కొన్నేళ్లకి మా ఆవిడ పోయింది. అప్పట్నించీ నేనూ బండి తీసేముందు అలాగే కాసేపు ఆగుతున్నాను. బండి కుంగదు. అయినా నేను వెనక్కి జరగను.