ఉద్దానం తీరంలో ఇంజన్ల పందెం: ఒక సవరణ

రెండు వేల ఆరు ప్రాంతంలో ఒక మోటారు పత్రికలో నా యాత్రా వ్యాసం వచ్చింది. రెండు పికప్ బండ్లు, రెండు రకాల ఇంజన్లు, ఉద్దానం ఇసుక. అది చదివి బండ్లు వేసుకుని ఆ తీరానికి వెళ్లినవాళ్లున్నారు. కొందరు ఫోటోలు తీసి నాకు పంపారు కూడా. ఆ వ్యాసంలో నేను రాసింది సగమే. రాసిన సగంలోనూ ఒక అబద్ధం ఉంది. ఆ పత్రిక ఎప్పుడో మూతబడింది కాబట్టి సవరణ ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో నాకు విశాఖపట్నంలో స్పేర్ పార్ట్స్ కొట్టు ఉండేది. సాయంత్రమైతే మిత్రులు కొట్టు ముందు చేరేవాళ్లు. వాదన ఎప్పుడూ ఒకటే. ఇసుకలో, బురదలో, కొండదారుల్లో పరుగెత్తించే పికప్‌కు ఏ ఇంజన్ ఉండాలి? ప్రసాద్ తన బండిలోని పాత ఇంజన్ దించేసి, జపాన్ నుంచి వచ్చిన ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ ఎక్కించుకున్నాడు. భాస్కర్‌ది టర్బో డీజిల్.

"ఇసుకలో చక్రం ఆగిందంటే దిగబడినట్టేరా. ఇంజన్ తేలిగ్గా ఉండాలి, తొక్కగానే పైకి లేవాలి. నీ డీజిల్ లేచేసరికి మనం టీ తాగి రావచ్చు" అనేవాడు ప్రసాద్.

"నువ్వు రేస్ చేసి చేసి గొయ్యి తవ్వుకుంటావు. నాది ఇలా కాలు ఆనిస్తే చాలు, కిందనుంచే లాగుతుంది. అయినా నీ బండి వెనకాల పెట్రోల్ ట్యాంకర్ కూడా రావాలి కదా" అనేవాడు భాస్కర్.

ఉద్దానం వెళ్లి తేల్చుకుందాం అన్నది నేనే. తీర్పు చెప్పేవాణ్ణీ నేనే.

వాళ్లిద్దరూ చీకటితోనే బండ్లలో హైవే ఎక్కారు. నాకు నడుం నొప్పి. అందుకని పలాస పాసింజరులో బయలుదేరాను. హరిశ్చంద్రపురంలో ఎక్కిన ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, ఎందాకా అని అడిగాడు. ఉద్దానం తీరంలో పందెం చూడటానికి అన్నాను.

"ఎడ్ల పందేలేటి?"

"కాదండీ, బండ్ల పందెం. ఇసుకలో."

"ఇసకలో బండికేటి పని బాబూ?" అన్నాడాయన. నేను ఆయనకు టార్కు అంటే, ఇంజన్ లాగే బలం అంటే ఏమిటో టిలారు నుంచి... కాదు, ఆ స్టేషన్ అప్పటికే దాటిపోయింది, కోటబొమ్మాళి నుంచి నౌపడా దాకా వివరించాను. ఆయన మర్యాదగా విన్నాడు.

పలాసలో దిగేసరికి పదకొండు దాటింది. ఊరంతా జీడిబట్టీల పొగ వాసన. బండ్లలో వచ్చిన ఇద్దరూ అక్కడ కలిశారు. పక్కనే కాశీబుగ్గలో ఒక మెస్సులో ముగ్గురం భోంచేశాం. వంజరం వేపుడు బాగుంది. అక్కడి నుంచి రెండు బండ్లూ జీడితోటల్లోంచి, కొబ్బరితోటల్లోంచి తీరం దారి పట్టాయి. తారురోడ్డు సన్నగిల్లి, మట్టిరోడ్డై, చివరికి ఇసుకలో కలిసిపోయే చోట ఒక చిన్న పల్లె. బారువకు దక్షిణంగా ఉంటుంది. అందరూ చేపల వేట మీద బతికేవాళ్లే.

మధ్యాహ్నమంతా దిబ్బల మీద బండ్లు ఎక్కించాం, దించాం. ప్రసాద్ ఒకసారి దిగబడ్డాడు, భాస్కర్ ఒకసారి దిగబడ్డాడు. ఏమీ తేలలేదు. నాలుగింటికి పడవలు రావడం మొదలైంది. ఆడా మగా ముప్పై నలభై మంది ఒక లావుపాటి తాడు పట్టుకుని ఫైబర్ పడవను ఒడ్డుకు లాగుతున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను.

"మీరూ ఒట్టుకోండి బాబూ, సొక్కా నలగదులే" అంది ఒకావిడ. అందరూ నవ్వారు. నేనూ పట్టుకున్నాను. నా ముందు ఒక ముసలాయన. ఆయన చెయ్యి తాడు మీద ఉందన్నమాటే గానీ ఆయన లాగడం లేదు. తాడే ఆయన్ని నడిపిస్తోంది. పడవ ఒడ్డెక్కాక దాని యజమాని ధర్మారావు తాడు పొడవునా నడుస్తూ ఒక్కొక్కరికీ ఇన్ని చేపలు పెట్టుకుంటూ వచ్చాడు. నా ముందూ పెట్టాడు.

"నాకెందుకయ్యా?"

"తాడు ఒట్టుకున్నారు గదా. ఒట్టుకున్నోళ్లందరికీ వాటా. ఎవులెంత లాగినారో సూడకూడదు" అన్నాడు.

ముసలాయన పేరు గురయ్య. ధర్మారావుకు మేనమామ. కిడ్నీలు చెడి వేట మానేశాడు. ఆ వైపు పల్లెల్లో ఆ జబ్బు అడుగుపెట్టని వీధి లేదు. నా వాటా చేపలు ఆ సాయంత్రం ఆయన భార్య పోలమ్మే వండింది. వాళ్ల అరుగు మీద కూర్చుని తిన్నాను.

"ఏట లేదు, బూమి లేదు. ఆ తాడే మాకు. కూరకుంచుకోని, మిగిల్నాయి ఎండబెట్టి పలాస ఒట్టుకెల్తాను. ఈయన్ని ఇసాపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లీది దాంతోనే" అంది పోలమ్మ.

"ఊరికే తింతన్నానేటి? తాడు ఒట్టుకుంతన్నాను" అన్నాడు గురయ్య, ఆమె మీద కాస్త విసుక్కుంటూ.

తుఫాను షెల్టర్ వరండాలో పక్కలు వేసుకున్నాక భాస్కర్ లేచి కూర్చున్నాడు. "ఇసుకలో పరుగెడితే ఏం తేలుతుంది? రేపు పడవలు లాగుదాం. బరువు లాగితే ఎవడి ఇంజనేమిటో తెలుస్తుంది." ప్రసాద్ సై అన్నాడు. నేను కూడా బాగుందన్నాను. ఆ అరుగు మీద విన్నదంతా నాకు గుర్తుంది. గుర్తుండే అన్నాను.

మర్నాడు తొమ్మిది దాటాక పడవలు వచ్చాయి. ధర్మారావుకు ఇది వేడుకగా తోచింది. తాడు కొసను ప్రసాద్ బండికి కట్టాం. పెట్రోల్ ఇంజన్ తీరమంతా వినబడేలా అరిచింది, వెనక చక్రాలు ఇసుకను చిమ్మి కూరుకుపోయాయి. రెండోసారి వెనక్కి వచ్చి ఊపుతో లాగితే పడవ ఒక్క కుదుపుతో ఒడ్డెక్కింది. రెండో పడవ భాస్కర్ వంతు. లో గేరులో, చప్పుడు లేకుండా, జారుడుబల్ల మీద లాగినట్టు లాగేశాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. తాడు పట్టడానికి వచ్చినవాళ్లు గంపలతో ఒక పక్కగా నిలబడి చూస్తున్నారు.

మూడో పడవనూ భాస్కర్ బండికే కట్టాం. తాడు బిగిసేసరికి గురయ్య ఆ గుంపులోంచి వచ్చి తాడు పట్టుకున్నాడు.

"మావా, వదిలీ. తెగితే కొట్టేత్తాది" అని కేకేశాడు ధర్మారావు.

ఆయన వదల్లేదు. భాస్కర్ బండి కదిలింది. ముసలాయన తాడు వెంట గబగబా నడిచాడు, తర్వాత పరుగెత్తాడు, తర్వాత మోకాళ్ల మీద పడ్డాడు. పడ్డా వదల్లేదు. కొంతదూరం ఇసుకలో ఈడ్చుకుపోయి, బండి ఆగాక లేచాడు. నేను ఫోటో తీశాను. ఆయన పరుగెత్తుతున్నప్పటి ఫోటో. పత్రికలో అది అర పేజీ వేశారు. దాని కింద ఉన్న మాటలు నావి: "పందెం చూసి ఉత్సాహం పట్టలేక తాడు అందుకున్న వృద్ధ మత్స్యకారుడు."

ఆయనకు ఉత్సాహం లేదు. వాటా కోసం పట్టుకున్నాడు. ఆ సంగతి ఫోటో తీస్తున్నప్పుడే నాకు తెలుసు.

ఆ రోజు ధర్మారావు గానీ మిగతా పడవలవాళ్లు గానీ ఎవరికీ చేపలు పెట్టలేదు. గురయ్య ఒక్కడే గంప పట్టుకుని నిలబడ్డాడు.

"ఇయాల బండి లాగింది మావా."

"నానూ ఒట్టుకున్నాను."

"నువ్వు లాగినావా, నిన్ను లాగిందా?" అన్నాడు ధర్మారావు. అందరూ నవ్వారు. గురయ్య కూడా నవ్వి, మోకాళ్లకు అంటిన ఇసుక దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇంతటితో అయిపోతే నేనీ సవరణ రాసేవాణ్ణి కాదేమో. టీలు తాగుతుండగా ధర్మారావు, మరో ఇద్దరు పడవల యజమానులు నా దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"బండంటే మేం కొనలేం బాబూ. ఇంజనొకటి ఒడ్డున బిగించీసి తాడు సుట్టించొచ్చేటి? పెట్రోలు బాగుంతాదా, డీజిలా? మీ మాటే ఆకరంట గదా, మీ ఓళ్లు సెప్పినారు."

నన్ను అంత గౌరవంగా ఎవరూ ఏమీ అడిగి ఎరగరు. డీజిల్ అన్నాను. పాత జీపు ఇంజన్ చాలన్నాను. గేరుబాక్సుతో సహా దించితే లో గేరులో తాడు చుట్టే డ్రమ్ము నిదానంగా తిరుగుతుందని చెప్పి, పుల్లతో ఇసుకలో బొమ్మ గీసి చూపించాను. ప్రసాద్ పెట్రోలే మేలని అడ్డొచ్చాడు. వాడి నోరు మూయించాను. ఆరు నెలలుగా మా కొట్టు ముందు తెగని వాదన అక్కడ తెగింది. పక్క గుడిసె నీడలో పోలమ్మ చేపలు లేని గంప బోర్లించి కూర్చుని ఉంది.

మరుసటి ఏడాది ధర్మారావు ఫోన్ చేశాడు. ఇంజను బిగించామనీ, వచ్చి చూడమనీ పిలిచాడు. సంతోషంగానే వెళ్లాను. పలాస దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఒడ్డున తాటాకు పాక, సిమెంటు దిమ్మ, దాని మీద ఇంజను, ఇనుప తీగ. ఒక్క మనిషి కూర్చుని గేరు వేశాడు. పడవ తనంతట తాను నడిచొచ్చినట్టు ఇసుక మీదికి వచ్చింది. దాని చుట్టూ ఎవరూ లేరు.

"మరి తాడు వాటా?" అని అడిగాను.

"ఇప్పుడది ఇంజను వాటా బాబూ. డీజిలు తాగాల, రిపేర్లుంతాయి."

"కనీసం మీ మావకైనా..."

"పంపుతన్నాను. తిప్పి పంపేత్తన్నాడు. తాడు ముట్టుకోకుండా ఎలగ తింతానంతాడు. నానేటి సేసీది?"

గురయ్య అరుగు మీద మంచంలో ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. విశాఖ ఆసుపత్రికి వెళ్లడం మానేశాడట. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు.

"ఇంజను మంచిది సెప్పినారు బాబూ. ఒక్కనాడూ ఆగిపోలేదు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన ముఖంలో వెతికాను. లేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాను. బస్సు నిండా పలాస జీడి ఫ్యాక్టరీలకు పనికి పోయే ఆడవాళ్లు. నా ముందు సీట్లో పోలమ్మ. చేతులు జీడిరసానికి నల్లబడి, వేళ్ల చివర తోలు లేచిపోయి ఉన్నాయి. ఆ వయసులో గింజలు కొట్టే పని. ముందుకు వంగి, ఆ ఇంజను సలహా నేనే ఇచ్చానమ్మా అన్నాను.

"తెలుసు. నానక్కడే ఉన్నాను గదా" అంది. కొంగు సర్దుకుని, "మాయింట్లో తిన్న మర్నాడే సెప్పినారు" అంది. కాశీబుగ్గలో దిగి, మిగతావాళ్లతో కలిసి గబగబా నడిచి వెళ్లిపోయింది.

రైలు ఆలస్యంగా వచ్చింది. నౌపడా దగ్గర ఉప్పుమళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. కిటికీ పక్కన కూర్చున్నాను గానీ చూడబుద్ధి కాలేదు. గురయ్య ఆ వానాకాలం దాటలేదని తర్వాత ఫోన్‌లో తెలిసింది. తాడు ఉండి ఉంటే ఆయన బతికేవాడని నేను అనను, ఆ జబ్బు సంగతి అందరికీ తెలుసు. ఆయన చివరి ఏడాది చేతిలో తాడు లేకుండా గడిచింది. అది మాత్రం నేను చేసిందే.

ఉద్దానం వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి దారి అడుగుతుంటారు. బండి పలాసలో వదిలేసి బస్సులో వెళ్లండి. తోటలు బాగుంటాయి, తీరం ఇంకా బాగుంటుంది, జనం మంచివాళ్లు, పిలిచి భోజనం పెడతారు. ఎవరైనా మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఇంజను మంచిది బాబూ అని అడిగితే, తెలియదని చెప్పండి.