ఎర్రనీళ్లు తేటపడతాయని చూసిన మూడు రోజులు

బస్తర్ ఇనుప గనిలో మా నాన్న ఖనిజం మోసే డంపర్ లారీ నడిపేవాడు. కొన్న బట్ట ఏ రంగుదైనా నెల తిరిగేసరికి ఎర్రబడే ఊరు మాది. డ్యూటీ దిగి వచ్చాక క్వార్టర్ వెనక నల్లా దగ్గర స్నానం. మొదటి బకెట్ నీళ్లు ముదురెరుపు, రెండోది లేతెరుపు, మూడోది తేటగా పారాలి. తేటపడ్డాకే అన్నం. గని మనుషులందరి ఇళ్లలోనూ ఇదే పద్ధతి. దగ్గితే ఎరుపు, చీదితే ఎరుపు. ఎరుపును చూసి భయపడటం మేమెప్పుడో మానేశాం.

ఒక వానాకాలం ఆయనకు మలేరియా వచ్చింది. అందులో వింతేమీ లేదు, మలేరియా రానివాణ్ణే మావాళ్లు అనుమానంగా చూస్తారు. మాత్రలు తెచ్చుకుని పడుకున్నాడు. మర్నాడు పొద్దున దొడ్లోంచి వచ్చి సంతోషంగా చెప్పాడు.

"బిడ్డా, ఒంటికి పోతే ఎర్రగ వస్తాంది. ఇన్నేండ్లు మింగిన దుమ్మంత పోతాంది."

"మంచిదే కదా నాయినా" అన్నాను.

నేనప్పుడు జగదల్‌పూర్‌లో బీఎస్సీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. మలేరియాలో ఎర్రరక్తకణాలు పగులుతాయని పరీక్షలో బొమ్మతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాలాంటివాళ్లను చూసే అని ఉంటారు.

మూడు రోజులు తేటపడుతుందనే చూశాం. పాలు లేని టీ రంగుకు తిరిగింది. అయితే పాత దుమ్ము కూడా కదిలిందన్నాడు నాన్న. నాలుగో రోజు పొద్దున మంచం దిగబోయి కూలబడ్డాడు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో గుండె కణాల మీద పనిచేస్తున్నాను. ఎర్రకణం పగిలితే దాని లోపలి ఎరుపు, హీమ్ అనే పదార్థం, రక్తంలోకి వచ్చి పడుతుంది. గుండె కణం గోడలో సోడియం లోపలికి వచ్చే సన్నటి దారులుంటాయి. అవి సమయానికి తెరుచుకుంటేనే గుండె కొట్టుకుంటుంది. హీమ్ వాటికి అడ్డం పడుతుంది. కణం మీద ఒక హీమ్ చుక్క వేస్తే తెర మీద సోడియం రాకను చూపే గీత కుంగుతుంది. మా నాన్నకు అచ్చంగా ఇదే జరిగిందని ప్రమాణం చేయలేను. ఆ జ్వరానికి మనిషిని చంపే దారులు చాలా ఉన్నాయి. అయినా గీత కుంగిన ప్రతిసారీ నా మీద నాకు కోపం వస్తుంది.

ఆ నాలుగో రోజు ఆసుపత్రిలో డాక్టరు ఈసీజీ పట్టీ తీసి చాలాసేపు చూశాడు. ఎర్రగా ఎప్పటినుంచి పోతోందని హిందీలో అడిగాడు. "ఆజ్ సే", ఇవాళ్టినుంచే అన్నాడు నాన్న, డాక్టర్ల దగ్గర ఆయనకు మొహమాటం. "తీన్ దిన్ సే", మూడు రోజుల నుంచి అన్నాను నేను. దుమ్ము పోతోందనుకున్నామనీ చెప్పాను. డాక్టరు అది దుమ్ము కాదని, రక్తం లోపలే పగిలి పోతోందని, గుండె తడబడుతోందని చెప్పి, నర్సును కేకేస్తూ బయటికి పోయాడు.

నాన్న నా వైపు తిరిగాడు.

"ఏంది బిడ్డా, గిట్ల అయితదని నీ పుస్తకాలల్ల లేదా?"

"లేదు నాయినా."

"లేకపోతే నువ్వేం జేస్తవ్ తీ" అని నా చెయ్యి తట్టాడు. మధ్యాహ్నం పోయాడు.